ఐ-20 మీద మన పహచాన్

ఉర్దూలో కాగజ్, తెలుగులో కాగితం. ఏ భాషలో అన్నా మావాళ్లకు ఆ మాట వెంట భయం వచ్చేది. జనగామ తాలూకా కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి, తన భూమి కోసం ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడి గెలిచాడు. 1940లో అతన్ని చంపేశారు. ఇవాళ అదే జనగామ నుంచి, మానుకోట నుంచి, భూపాలపల్లి బొగ్గుగనుల కాలనీల నుంచి మా పిల్లలు అమెరికా చదువుకు పోతున్నారు. వాళ్ల బతుకు మళ్లీ ఒక కాగితం మీదనే ఆధారపడింది.

ఈ కాగితానికీ చరిత్ర ఉంది. 1895లో సరోజినీ నాయుడు నిజాం స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండు వెళ్లినప్పుడు విద్యార్థి వీసా అన్నదే లేదు. అమెరికా 1917లో హిందుస్థాన్‌తో సహా ఆసియాలో చాలా ప్రాంతాలవాళ్లకు తలుపు మూసింది గాని, విద్యార్థులను మినహాయించింది. 1924 చట్టం విద్యార్థిని ప్రత్యేక తరగతి చేసింది. 1952 చట్టంతో ఎఫ్ వీసా వచ్చింది. మార్పిడి పథకాల కింద వచ్చేవాళ్లకు 1961లో జె, వృత్తివిద్యలకు 1981లో ఎం ఏర్పడ్డాయి. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం చూపి మన పిల్లలు పొందేది ఎఫ్-1.

ఆ తర్వాతి చరిత్ర మన పేర్లతో ముడిపడింది. 1993లో న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో బాంబు పెట్టినవాళ్లలో ఒకడు విద్యార్థి వీసా మీద వచ్చి చదువు మానేసినవాడు. 1996లో విద్యార్థుల మీద నిఘాకు చట్టం వచ్చింది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత దాన్ని బిగించి, 2003లో విదేశీ విద్యార్థులందరినీ సెవిస్ అనే కంప్యూటర్ లెక్కలోకి ఎక్కించారు. 2002లో మొదలైన మరో ప్రత్యేక నమోదుకు 25 దేశాల మగవాళ్లను పిలిస్తే, అందులో 24 ముస్లిములు అధికంగా ఉన్న దేశాలే. భారతదేశం ఆ జాబితాలో లేదు. సెవిస్‌కు మాత్రం జాబితా లేదు, మతం లేదు. ముసల్మాను మీది అనుమానంతో బిగించిన వల అందరి పిల్లల మీదా పడింది.

2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగాక కొందరు విద్యార్థుల కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2019లో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ప్రభుత్వమే వల పన్ని పెట్టిన బూటకం. అందులో తరగతులే లేవు. రెండుచోట్లా చిక్కినవాళ్లలో ఎక్కువమంది మనదేశంవాళ్లు, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది.

వీసా వేరు, హోదా వేరు. వీసా దర్వాజా దాకా తెస్తుంది. లోపల ఉండనిచ్చేది హోదా. వీసా గడువు తీరినా హోదా ఉంటే చదువు సాగుతుంది. వీసా గడువు మిగిలినా హోదా పోతే ఉండరాదు. పూర్తి కోర్సు చదవాలి. డిగ్రీలో అయితే సెమిస్టరుకు 12 క్రెడిట్లు. తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలు మించరాదు. బయటి పనికి ముందే అనుమతి కావాలి. ఇల్లు మారితే 10 రోజుల్లో తెలపాలి. పెట్రోలు బంకులో చాటుమాటు పని ఫీజుకు సాయపడవచ్చు గాని, హోదాను పోగొడుతుంది.

2015లో తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువుకు పథకం పెట్టింది. సాయం 10 లక్షల నుంచి 20 లక్షలకు పెరిగింది. పైసలు వచ్చాయి సరే, ఈ ఖానూన్ మన ఇళ్లలో మన భాషల్లో చెప్పేదెవరు? వీసా దాకా ఊరించే ఏజెంటు హోదా సంగతి చెబుతాడా?

అన్నీ సరిగా ఉన్నా గండం రాదని కాదు. 2025 వసంతంలో వేలమంది సెవిస్ రికార్డులు ఒక్కసారిగా రద్దు చేశారు. విద్యార్థులు కోర్టుకెక్కాక ఏప్రిల్‌లోనే తిరిగి పెట్టవలసి వచ్చింది. పేరు మీది అనుమానాన్ని మనం ఒక్కరోజులో ఆపలేం. కాగితం మీద తప్పు లేకుండా చూసుకోవడం మన చేతుల్లో ఉంది. అందుకే పిల్లలు ఐ-20 మీద సంతకం పెట్టేముందు ఇంటిల్లిపాదీ కూర్చొని అది చదవాలి.