పదమూడేళ్ల ఎడబాటు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయం, టెక్సస్ ఏ అండ్ ఎం జట్లు తొలిసారి తలపడింది 1894లో. థ్యాంక్స్‌గివింగ్ పండుగ రోజుల్లో ఈ పోటీ చూడటం ఎన్నో టెక్సస్ కుటుంబాలకు తరతరాల ఆనవాయితీ.

ఏటా తమలో తాము పోటీపడే కాలేజీల కూటమినే కాన్ఫరెన్స్ అంటారు. 1914లో ఏర్పడిన సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లో ఈ రెండూ మొదటినుంచీ ఉన్నాయి. 1996లో అది మూతపడ్డాక కలిసే బిగ్ 12 కాన్ఫరెన్స్‌లో చేరాయి.

వాటి మధ్య చిచ్చు పెట్టింది టీవీ సొమ్ము. 2011లో క్రీడా ప్రసార సంస్థ ఈఎస్‌పీఎన్ ఒక్క టెక్సస్ కోసమే లాంగ్‌హార్న్ నెట్‌వర్క్ ఛానెల్ ప్రారంభించింది. ఇరవై ఏళ్లకు 30 కోట్ల డాలర్ల ఒప్పందం అది. ఒకే కూటమిలో ఒకరికే ఇంత పెద్దపీటా అని ఏ అండ్ ఎం వర్గం మండిపడింది. 2012లో సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (ఎస్‌ఈసీ) అనే మరో కూటమికి తరలిపోయింది.

విడిపోయే ముందు, 2011 నవంబరులో ఏ అండ్ ఎం సొంత మైదానం కైల్ ఫీల్డ్‌లో ఆఖరి పోటీ జరిగింది. చివరి క్షణంలో జస్టిన్ టక్కర్ కొట్టిన ఫీల్డ్ గోల్‌తో టెక్సస్ 27-25తో గెలిచింది.

తర్వాత ఇద్దరూ పంతం వీడలేదు. నష్టపోయింది అభిమానులే. ఈ పోటీ ఏటా జరగాల్సిందేనంటూ 2013లో రాష్ట్ర శాసనసభలో బిల్లు కూడా వచ్చింది, కానీ చట్టం కాలేదు.

చివరికి టెక్సస్ కూడా 2024లో ఎస్‌ఈసీలో చేరింది. ఆ నవంబరు 30న అదే కైల్ ఫీల్డ్‌లో మళ్లీ తలపడి 17-7తో నెగ్గింది.