పేరును సంఖ్యయు

సింగరాయకొండకు ఉత్తరము వ్రాయువారు ఊరిపేరుతోపాటు పిన్‌కోడు సంఖ్యయు వ్రాయుదురు. కంప్యూటరులకు సంఖ్యయే ప్రధానము. పేరు మన సౌకర్యమునకు మాత్రమే.

1970వ దశకమున అమెరికాలోని ఆర్పానెట్టునందలి యంత్రముల పేర్లును సంఖ్యలును ఒకే జాబితాలో నుండెడివి. ఎస్‌ఆర్‌ఐ సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందము దానిని దిద్దుచుండ, తక్కినవారు నకలు తెచ్చుకొనెడివారు. యంత్రములు పెరిగినకొలది నకళ్లు పాతబడసాగెను. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్ పద్ధతిని రూపొందించెను. పూర్వము కరణము ఊరి లెక్క ఊరనే యుంచినట్లు, ఇందు ఏ సంస్థ పేర్ల లెక్క ఆ సంస్థయే యుంచును; పైవారు దారి చూపుదురు.

1991లో పుట్టిన లైనక్సు పాత జాబితాను విడువలేదు. సాధారణముగా తన యింటి హోస్ట్స్ పత్రమును ముందు చూచి, పిమ్మట డీఎన్ఎస్‌ను అడుగును. కావున వృద్ధుని పింఛను వివరములు చూపు స్థానము తెరువబడనిచో, తొందరపడి తీగను నిందింపరాదు. సంఖ్యకు పింగు పంపగా బదులు వచ్చి, పేరుకు రాకున్నయెడల, దారి బాగున్నది, చిట్టా చెడినది. అప్పుడు హోస్ట్స్ పత్రమున కాలము చెల్లిన సంఖ్య యున్నదేమో చూడవలయును. పిదప రిజాల్వ్ కాన్ఫ్ పత్రమున, అడుగవలసిన సర్వరు సరిగా వ్రాయబడినదో లేదో పరికింపవలయును.

నేడు తెలుగు లిపిలోనే 'భారత్' అను కొసగల పేర్లకును ఏర్పాటు కలదు. పేరు మనదైనను, లెక్క దిద్దువాడు లేనిచో ఊరు చేరలేము.