వెళ్ళివచ్చే హక్కు: అమెరికా శాశ్వత నివాసుల పునఃప్రవేశ పత్రాల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక దేశంలో శాశ్వత నివాసం పొంది, ఆ దేశ పౌరసత్వం ఇంకా తీసుకోనివారు స్వదేశంలోని కుటుంబాన్ని చూసిరావడానికి కొన్ని ప్రత్యేక పత్రాలపై ఆధారపడవలసి వస్తుంది. అమెరికాలో 1882 నుంచి నేటివరకు ఈ పత్రాలు పొందిన పరిణామాన్ని చట్టాలు, న్యాయస్థానాల తీర్పుల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పునఃప్రవేశ పత్రం ఏ దశలోనూ సంపూర్ణమైన హక్కుగా నిలవలేదనీ, ప్రయాణం తాత్కాలికమని చూపే సాక్ష్యంగానే మిగిలిందనీ ప్రతిపాదిస్తుంది. అమెరికాలోని పిల్లల దగ్గరికీ ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లోని స్వగ్రామాలకూ మధ్య తిరిగే తెలుగు తల్లిదండ్రులకు ఈ తేడా ఎందుకు ముఖ్యమో చర్చిస్తుంది.

కీలకపదాలు: శాశ్వత నివాసం, పునఃప్రవేశ పత్రం, గ్రీన్‌కార్డు, వలస చట్టాలు, తెలుగు ప్రవాసులు.

1. ఉపోద్ఘాతం:
తెలుగువారు ఇల్లు విడిచి బయలుదేరేటప్పుడు ‘పోతున్నాను’ అనడానికి సంకోచిస్తారు, ‘వెళ్ళివస్తాను’ అంటారు. పోవడంలోనే రావడాన్ని కూడా చెప్పుకోవడం మన మర్యాద. ‘రాకపోకలు’ అనే సమాసంలోనైతే రాకే ముందు నిలిచింది. ఇంట్లోవారికి ఈ మాట చాలు. సరిహద్దు దగ్గర నిలబడిన అధికారికి మాత్రం మాట చాలదు. ‘వస్తాను’ అన్నందుకు రుజువు కావాలి. ఆ రుజువు కోసం ఏర్పడినవే పునఃప్రవేశ పత్రాలు.

పౌరుడు తన దేశానికి తిరిగి రావడం హక్కు. పర్యాటకుడు పరాయి దేశానికి రావడం అనుమతి. శాశ్వత నివాసి ఈ ఇద్దరికీ మధ్య నిలుస్తాడు. అతని ఇల్లు, ఉద్యోగం, పిల్లలు ఒక దేశంలో ఉంటే తల్లిదండ్రులు, పుట్టిన ఊరు, పాస్‌పోర్టు మరొక దేశానికి చెంది ఉంటాయి. అతడు కన్నవారిని చూడడానికి వెళ్ళినప్పుడు ‘శాశ్వత’ అనే విశేషణానికి అర్థమేమిటన్న ప్రశ్న తలెత్తుతుంది. ఈ ప్రశ్నకు అమెరికా చట్టం వివిధ కాలాల్లో ఇచ్చిన సమాధానాలను కాలక్రమంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. చైనా శ్రామికుల ధ్రువపత్రం (1882–1889):
అమెరికాలో నివసిస్తున్న విదేశీయులకు తిరిగి రావడం కోసం ప్రత్యేక పత్రాన్ని ఇచ్చే పద్ధతి 1882 నాటి చైనీయుల బహిష్కరణ చట్టంలో స్పష్టమైన రూపం పొందింది. ఆ చట్టం కొత్తగా వచ్చే చైనా శ్రామికులను నిషేధించింది. 1880 నవంబర్ 17 నాటికే దేశంలో ఉన్నవారికి మాత్రం వెళ్ళిరావడానికి వీలు కల్పించింది. ఓడ ఎక్కేముందు రేవులోని సుంకాధికారి ప్రయాణికుని పేరు, వయసు, వృత్తి, నివాసం, శరీరంపై గల గుర్తులు నమోదు చేసుకొని ధ్రువపత్రం ఇచ్చేవాడు. 1884 సవరణ మరొక అడుగు ముందుకు వేసి, తిరిగి ప్రవేశించే హక్కును నిరూపించడానికి ఆ ధ్రువపత్రమే ఏకైక సాక్ష్యమని నిర్దేశించింది.

ఏకైక సాక్ష్యంగా ప్రకటించిన ఆ పత్రానికి ఎంత బలం ఉందో నాలుగేళ్ళలోనే తేలిపోయింది. 1888 అక్టోబర్ 1న అమలులోకి వచ్చిన స్కాట్ చట్టం అప్పటివరకు జారీచేసిన ధ్రువపత్రాలన్నింటినీ రద్దు చేసింది. పత్రాలను నమ్ముకొని స్వదేశానికి వెళ్ళిన ఇరవై వేల మందికి పైగా చైనీయులకు దారి మూసుకుపోయింది. వారిలో చే చాన్ పింగ్ ఒకడు. 1875 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో నివసించిన ఈ శ్రామికుడు 1887 జూన్‌లో నియమానుసారం ధ్రువపత్రం తీసుకొని చైనాకు వెళ్ళాడు. 1888 సెప్టెంబర్‌లో హాంకాంగ్‌లో తిరుగు ఓడ ఎక్కాడు. అతడు సముద్రం మీద ఉండగానే చట్టం మారింది. అక్టోబర్ 8న ఓడ రేవు చేరేసరికి అతని చేతిలోని పత్రానికి వారం రోజుల క్రితమే విలువ పోయింది.

1889లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ప్రభుత్వ పక్షాన తీర్పు చెప్పింది. న్యాయమూర్తి స్టీఫెన్ ఫీల్డ్ రాసిన ఆ తీర్పు సారాంశం ప్రకారం, విదేశీయులను దేశంలోకి రానివ్వకుండా ఆపడం సార్వభౌమాధికారంలో భాగం. తిరిగి రావడానికి ఇచ్చిన అనుమతి ప్రభుత్వం ఇష్టపడినంత కాలమే చెల్లుతుంది. చైనాతో 1880లో చేసుకున్న ఒప్పందం శ్రామికుల రాకపోకలకు హామీ ఇచ్చినా, తరువాత వచ్చిన చట్టానిదే పైచేయి అయింది. పునఃప్రవేశ పత్రం హక్కు పత్రం కాదన్న సూత్రం ఈ తీర్పుతో స్థిరపడింది.

3. 1924 చట్టం – ‘తాత్కాలిక సందర్శన’:
దేశాలవారీగా కోటాలు విధించిన 1924 వలస చట్టం శాశ్వత నివాసులకు కొత్త చిక్కు తెచ్చింది. స్వదేశానికి వెళ్ళి వచ్చే ప్రతివారినీ కొత్త వలసదారుగా లెక్కిస్తే కోటా నిండిన దేశాలవారు ఇంటికి తిరిగి రాలేరు. అందువల్ల ఆ చట్టం నాల్గవ సెక్షన్, ఇంతకుముందు చట్టబద్ధంగా ప్రవేశించి, విదేశాల్లో తాత్కాలిక సందర్శన ముగించుకొని తిరిగివచ్చేవారిని కోటా నుంచి మినహాయించింది. పదవ సెక్షన్ పునఃప్రవేశ అనుమతిపత్రాన్ని ఏర్పాటు చేసింది. దాని రుసుము మూడు డాలర్లు. గరిష్ఠ కాలం ఒక సంవత్సరం. తగిన కారణం చూపితే ఆరేసి నెలలకు మించకుండా గడువు పెంచవచ్చు. పత్రానికి ఫోటో అతికించి ఉండాలి, తిరిగి రాగానే దాన్ని అధికారికి అప్పగించాలి.

ఈ సెక్షన్‌లోని చివరి నిబంధన మన చర్చకు కీలకమైనది. అనుమతిపత్రం గలవారు తాత్కాలిక సందర్శన నుంచి తిరిగి వస్తున్నారని చూపడం తప్ప ఆ పత్రానికి మరే ఫలితమూ ఉండదనీ, ఆ విషయాన్ని నిరూపించడానికి అదొక్కటే మార్గం కాదనీ చట్టం చెప్పింది. 1884లో పత్రం ఏకైక సాక్ష్యం. 1924లో అది సాక్ష్యాలలో ఒకటి. ఈ మార్పులో కొంత ఉదారత ఉంది, కొంత హెచ్చరికా ఉంది. పత్రం లేనంత మాత్రాన దారి మూసుకుపోదు, పత్రం ఉన్నంత మాత్రాన దారి తెరుచుకోదు.

భారతీయుల విషయంలో ఈ నిబంధనకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. 1917 చట్టం భారతదేశాన్ని నిషిద్ధ మండలంలో చేర్చింది. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అనర్హులని తీర్పు చెప్పింది. 1924 చట్టం పౌరసత్వానికి అనర్హులైనవారి ప్రవేశాన్ని నిషేధిస్తూనే, తాత్కాలిక సందర్శన నుంచి తిరిగివచ్చే పాత నివాసులను మినహాయించిన కొద్ది వర్గాలలో చేర్చింది. కాలిఫోర్నియాలో స్థిరపడిన పంజాబీ రైతుకు భార్యాబిడ్డలను తెచ్చుకునే వీలు లేదు. వారిని చూడాలంటే తానే వెళ్ళాలి, వెళితే ఆ సన్నని దారిలోనే తిరిగి రావాలి. 1946లో లూస్–సెల్లర్ చట్టం ఏటా వందమంది భారతీయులకు ప్రవేశాన్నీ, అక్కడున్నవారికి పౌరసత్వ అర్హతనూ కల్పించేవరకు ఈ స్థితి కొనసాగింది.

4. పత్రం లేని ప్రయాణం – మెజై ఉదంతం:
పత్రం సాక్ష్యం మాత్రమే అయితే అది లేకపోవడం ఎంత నష్టం చేస్తుంది? ఈ ప్రశ్నకు ఇగ్నాట్జ్ మెజై జీవితం సమాధానమైంది. అతడు 1923 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోలో పాతికేళ్ళు నివసించాడు. 1948లో మరణశయ్య మీద ఉన్న తల్లిని చూడడానికి రుమేనియాకు బయలుదేరాడు. రుమేనియా అతన్ని రానివ్వలేదు. హంగరీలో పంతొమ్మిది నెలలు చిక్కుకుపోయి, 1950 ఫిబ్రవరిలో న్యూయార్క్ చేరాడు. బహిర్గతం చేయని సమాచారం ఆధారంగా, విచారణ లేకుండానే అధికారులు అతని ప్రవేశాన్ని శాశ్వతంగా నిరాకరించారు. మరే దేశమూ స్వీకరించకపోవడంతో అతడు ఎల్లిస్ ద్వీపంలోనే ఉండిపోయాడు.

1953లో సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యంతో ప్రభుత్వ చర్యను సమర్థించింది. అదే సంవత్సరం, కొన్ని వారాల ముందు, క్వాంగ్ హై చ్యూ అనే చైనా నావికుని కేసులో ఇదే కోర్టు శాశ్వత నివాసికి విచారణ హక్కు ఉందని చెప్పింది. చ్యూ అధికారుల భద్రతా పరిశీలన పొంది, అమెరికన్ ఓడలో పనిచేస్తూ నాలుగు నెలల ప్రయాణం చేశాడు. మెజై పునఃప్రవేశ పత్రాలేవీ లేకుండా వెళ్ళినట్టు కనిపిస్తున్నదనీ, దీర్ఘకాలం ఇనుపతెర వెనుక ఉన్నాడనీ కోర్టు తేడా చూపింది. తల్లిని చూడాలన్న కారణం ఆ తూకంలో నిలవలేదు. 1954 ఆగస్టులో ప్రభుత్వం అతన్ని షరతులతో విడుదల చేసేవరకు ఆ నిర్బంధం సాగింది.

5. సందర్శన స్వభావం – మారిన దృష్టి (1963–2012):
తరువాతి దశాబ్దాల్లో న్యాయస్థానాల దృష్టి ప్రయాణ స్వభావం వైపు మళ్ళింది. 1963లో ఫ్లూటీ కేసులో, కొద్ది గంటలపాటు మెక్సికో వెళ్ళివచ్చిన శాశ్వత నివాసిని కొత్తగా ప్రవేశిస్తున్నవాడిగా భావించరాదని సుప్రీంకోర్టు నిర్ణయించింది. 1996 చట్టం ఈ సూత్రాన్ని మార్చి కొలతలు నిర్దేశించింది. నిరంతరంగా 180 రోజులకు మించి విదేశాల్లో ఉన్నవారినీ, కొన్ని నేరాలు చేసినవారినీ కొత్తగా ప్రవేశం కోరేవారిగా పరిగణించవచ్చు. గ్రీసులోని తల్లిదండ్రులకు తోడ్పడడానికి 2003లో వారం రోజులు వెళ్ళివచ్చిన వర్టెలాస్ అనే నివాసి, 1994లో ఒప్పుకున్న నేరం కారణంగా ఈ నిబంధనలో చిక్కుకున్నాడు. 1996 చట్టాన్ని అంతకుముందు చేసిన నేరానికి వెనక్కి వర్తింపజేయరాదని 2012లో సుప్రీంకోర్టు అతనికి అనుకూలంగా తీర్పిచ్చింది.

ఇదే కాలంలో వలస అప్పీళ్ళ బోర్డు మరొక విషయాన్ని స్పష్టం చేసింది. 1975 నాటి కేన్ కేసులో, జమైకాలో ఏటా దాదాపు పదకొండు నెలలు గడుపుతూ సంవత్సరానికొకసారి అమెరికాకు వచ్చివెళ్ళే మహిళ నివాస హక్కును వదులుకున్నట్టేనని నిర్ణయించింది. ప్రయాణ ఉద్దేశం, తిరిగి వచ్చే గడువు, ఇల్లు, ఉద్యోగం, కుటుంబం ఎక్కడున్నాయన్న అంశాలను కలిపి చూడాలని ఆ నిర్ణయం చెబుతుంది. ఏడాదికొకసారి ముఖం చూపిస్తే కార్డు నిలుస్తుందన్న అభిప్రాయం సరికాదని దీనివల్ల తెలుస్తుంది.

6. నేటి నిబంధనలు – తెలుగు కుటుంబాలు:
1965 చట్టం తరువాత అమెరికాకు తెలుగువారి వలస పెరిగింది. ఆ చట్టం పౌరుల తల్లిదండ్రులకు సంఖ్యా పరిమితి లేకుండా శాశ్వత నివాసానికి అవకాశం కల్పించింది. పిల్లలు పౌరులై, తల్లిదండ్రులు గ్రీన్‌కార్డుదారులైన కుటుంబాలు ఈ విధంగా ఏర్పడ్డాయి. అక్కడ మనవల ఆలన, ఇక్కడ ఇల్లు, పొలం, బంధువుల శుభకార్యాలు, వైద్యం వారిని రెండువైపులా లాగుతాయి.

నేటి నిబంధనల ప్రకారం, భారత పౌరులైన శాశ్వత నివాసులు స్వదేశానికి భారత పాస్‌పోర్టుతోనే వస్తారు. తిరిగి అమెరికా వెళ్ళడానికి ఏడాదిలోపు ప్రయాణమైతే చెల్లుబాటయ్యే గ్రీన్‌కార్డు చాలు. ఏడాది, అంతకుమించి ఉండవలసి వస్తే పునఃప్రవేశ అనుమతిపత్రం అవసరం. దానికి ఐ-131 దరఖాస్తును అమెరికాలో ఉండగానే సమర్పించాలి. పత్రం గరిష్ఠంగా రెండేళ్ళు చెల్లుతుంది, గడువు పొడిగించరు. శాశ్వత నివాసం పొందాక గత ఐదేళ్ళలో నాలుగేళ్ళకు మించి బయట ఉన్నవారికి సాధారణంగా ఏడాదికే ఇస్తారు. పత్రం లేకుండా గడువు దాటినవారు కాన్సులేటులో ఎస్‌బి-1 అనే తిరుగు నివాసి వీసా కోరవచ్చు. అందుకు తమ ఆలస్యం తమ అదుపులో లేని కారణాల వల్ల జరిగిందని నిరూపించాలి. 1924 నాటి చివరి నిబంధన నేటి చట్టంలోనూ దాదాపు అవే మాటల్లో ఉంది. ఈ పత్రం పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసాన్ని కాపాడదు. ఆరు నెలలు దాటితే నివాసం తెగిందన్న అనుమానం, ఏడాది నిండితే తెగినట్టే నిర్ణయం.

ఈ ‘ఏడాది’ మన ఆచారాలతో తలపడే సందర్భం ఒకటుంది. జబ్బుపడిన భర్తతో స్వగ్రామానికి వచ్చిన తల్లి, ఆయన మరణిస్తే సంవత్సరీకం ముగిసేవరకు ఊరు విడవదు. తిథి ప్రకారం ఆ కార్యం సుమారు 354 రోజులకు వస్తుంది, అధికమాసం పడితే సుమారు 384 రోజులకు. ఆమె లెక్క చాంద్రమానం, కాన్సులేటు లెక్క ఆంగ్ల సంవత్సరం. పైగా లెక్క భర్త మరణం నుంచి కాక, ఆమె అమెరికా విడిచిన రోజు నుంచి మొదలవుతుంది. కార్యం పూర్తిచేసుకొని బయలుదేరేసరికి ఆమె చేతిలోని కార్డు తిరుగు ప్రయాణానికి చాలకపోవచ్చు. అనుమతిపత్రం కోసం దరఖాస్తు చేయవలసిన చోటికి ఆమె అప్పటికే దూరంగా ఉంటుంది.

2020 మార్చి 23 నుంచి భారతదేశం అంతర్జాతీయ విమానాల షెడ్యూలు సర్వీసులను నిలిపివేసినప్పుడు ‘అదుపులో లేని కారణం’ అన్న మాటకు అందరికీ అర్థం తెలిసింది. 2021 మేలో అమెరికా భారతదేశం నుంచి రాకపోకలను నియంత్రించినప్పుడు శాశ్వత నివాసులను మినహాయించింది. చే చాన్ పింగ్ నాటితో పోలిస్తే ఇది గణనీయమైన మార్పు. అయితే ఆ మినహాయింపు కూడా ప్రభుత్వ ప్రకటన ఇచ్చినదే.

7. ముగింపు:
ఈ చరిత్రను మూడు అంశాలుగా క్రోడీకరించవచ్చు. మొదటిది, ధ్రువపత్రం నుంచి అనుమతిపత్రం వరకు రూపం మారినా, తిరిగి రావడం హక్కుగా కాక రుజువు చేయవలసిన విషయంగానే కొనసాగింది. రెండవది, ఆ రుజువులో కుటుంబ కారణాలకు దక్కిన స్థానం స్థిరంగా లేదు. తల్లి మరణశయ్య మెజైకి తోడ్పడలేదు. నేడు కుటుంబ బంధాలను లెక్కలోకి తీసుకుంటున్నా, అవి ఏ దేశంలో ఉన్నాయన్న దాన్నిబట్టి అనుకూలంగానో ప్రతికూలంగానో మారుతున్నాయి. మూడవది, పౌరసత్వం తీసుకున్నవారికి ప్రశ్న దిశ మారుతుందే తప్ప పూర్తిగా తొలగిపోదు. అప్పుడు వారు పుట్టిన ఊరికి రావడానికి వీసానో, 2005లో అమలులోకి వచ్చిన ఓసీఐ కార్డో కావాలి.

ప్రవాస తెలుగు సాహిత్యాన్ని అధ్యయనం చేసే పరిశోధకులు ఇంటిబెంగ, అస్తిత్వ సంఘర్షణ వంటి భావనలను విస్తృతంగా చర్చించారు. ఆ బెంగకు గడువు విధించే పత్రాలను కూడా అధ్యయనంలో చేర్చవలసి ఉంది. కథలోని తల్లి ఊరు విడిచి ఎందుకు త్వరగా వెళ్ళిపోయిందో, లేదా ఎందుకు మళ్ళీ వెళ్ళలేకపోయిందో కొన్ని సందర్భాల్లో ఆమె మనసుతో పాటు ఆమె పెట్టెలోని కాగితం కూడా చెబుతుంది. ‘వెళ్ళివస్తాను’ అన్న మాటలో వెళ్ళడం ఆమె చేతిలో ఉంది. రావడం ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవడానికి ఈ చరిత్ర ఉపకరిస్తుంది.