ఆకలి వెనుక ఒక జన్యువు: లెప్టిన్ కథ

మన స్కూల్లో డ్రిల్లు పీరియడ్ అంటే అందరికీ సంతోషమే. మా తొమ్మిదో తరగతిలో ఒక్కడికి మాత్రం అది గండం. కాస్త లావుగా ఉండేవాడు, పరుగులో వెనకబడేవాడు. వాడికి మేం పెట్టిన పేరు ఇక్కడ రాయను. మా బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. "నోరు కట్టుకుంటే అదే తగ్గుతుందిరా" అని పెద్దవాళ్లూ అనేవారు, మేమూ అనేవాళ్లం. అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు ముందుగా వాడే గుర్తొచ్చాడు. నోరు కట్టుకోవడం పూర్తిగా మనిషి చేతిలో ఉన్న పనేనా? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు జవాబు వెతికిన చరిత్ర ఒకటుంది. నేను డాక్టర్ని కాను, ఇంజినీర్ని. అయినా ఈ కథ నాకు బాగా అర్థమైంది. ఎందుకంటే ఇందులో ఉన్నది మన మేడ మీది నీళ్ల ట్యాంకు సూత్రమే.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, సముద్రం ఒడ్డున బార్ హార్బర్ అనే చిన్న ఊరుంది. అక్కడి జాక్సన్ లేబొరేటరీ ప్రయోగాలకు చిట్టెలుకలను పెంచడంలో పేరు పొందింది. 1949లో అక్కడి బోనుల్లో కొన్ని ఎలుకలు విపరీతంగా లావెక్కడం కనిపించింది. మామూలు ఎలుకకు మూడింతల బరువు. ఎప్పుడూ తింటూనే ఉండేవి. ఒకే జన్యువులో లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే ఇలా అవుతుందని తేల్చి, 1950లో ప్రకటించారు. ఆ జన్యువుకు 'ఓబీ' అని పేరు పెట్టారు. 1966లో అదే లేబొరేటరీ మరో రకాన్ని ప్రకటించింది. అదీ లావే, పైగా తీవ్రమైన మధుమేహం. దాని జన్యువు పేరు 'డీబీ'. ఇది వేరే క్రోమోజోము మీద ఉంది. అంటే రెండు వేర్వేరు లోపాలు, ఒకే రకం ఫలితం.

అక్కడ డగ్లస్ కోల్మన్ అనే జీవరసాయన శాస్త్రజ్ఞుడు పనిచేసేవాడు. కెనడా దేశస్థుడు. ఒకటి రెండేళ్లు ఉండి పోదామని 1958లో వచ్చి, ఉద్యోగకాలమంతా అక్కడే గడిపాడు. ఆయన చేసిన ప్రయోగం చూడటానికి మోటుగా ఉంటుంది గానీ, అందులోని ఆలోచన చాలా సూటిది. రెండు ఎలుకల పక్కలను శస్త్రచికిత్సతో కలిపి కుట్టాడు. అప్పుడు ఒకదాని రక్తంలోని పదార్థాలు రెండోదానిలోకి కొద్దికొద్దిగా చేరతాయి.

డీబీ ఎలుకను మామూలు ఎలుకతో కలిపాడు. డీబీకి ఏమీ కాలేదు. మామూలు ఎలుక తిండి మానేసి, ఎదురుగా ఆహారం ఉండగానే ఆకలితో చచ్చిపోయింది. ఓబీ ఎలుకను మామూలు ఎలుకతో కలిపితే ఓబీ తిండి తగ్గించింది, బరువు పెరగడం తగ్గింది. చివరికి ఓబీని, డీబీని కలిపాడు. ఓబీ తిండి మానేసి చనిపోయింది. డీబీ మాత్రం లావెక్కుతూనే ఉంది.

ఇప్పుడు ట్యాంకు సంగతి చూద్దాం. నీళ్లు నిండగానే సెన్సార్ "చాలు" అని కబురు పంపుతుంది. కింద స్టార్టర్ ఆ కబురు విని మోటారు ఆపుతుంది. ఓబీ ఎలుకలో సెన్సార్ లేదు. పక్కింటి సెన్సార్ వైరు తెచ్చి తగిలిస్తే దాని మోటారు ఆగుతుంది. డీబీ ఎలుకలో సెన్సార్ బాగానే ఉంది, స్టార్టరే వినడం లేదు. ట్యాంకు పొంగిపోతోంది కాబట్టి సెన్సార్ గట్టిగా అరుస్తూనే ఉంటుంది. ఆ వైరును పక్కింటికి తగిలిస్తే వాళ్ల ట్యాంకు ఖాళీగా ఉన్నా మోటారు ఆగిపోతుంది. మామూలు ఎలుక ఆకలితో చచ్చిపోవడానికి కారణం ఇదే.

1973 నాటికి కోల్మన్ తన నిర్ధారణను స్పష్టంగా రాశాడు: తిండి చాలని చెప్పే పదార్థం ఒకటి రక్తంలో తిరుగుతోంది, ఓబీ దాన్ని తయారు చేయలేదు, డీబీ దాన్ని గుర్తించలేదు. చాలామంది నమ్మలేదు. ఊబకాయం ప్రవర్తనకు సంబంధించిన విషయమని, మనసు గట్టిచేసుకోకపోవడమేనని అప్పటి గట్టి అభిప్రాయం. కోల్మన్ ఆ పదార్థాన్ని వేరుచేసి చూపడానికి ప్రయత్నించాడు గానీ, చేతికి చిక్కలేదు. అది రక్తంలో అతి కొద్ది మోతాదులో ఉంటుంది. ఎక్కడ తయారవుతుందో కూడా అప్పటికి తెలియదు.

అక్కడి నుంచి కథ న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి మారుతుంది. జెఫ్రీ ఫ్రీడ్మన్ వైద్యం చదివి, తర్వాత అణుజీవశాస్త్రంలోకి వచ్చినవాడు. పేగుల్లో తయారయ్యే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోనే ఆ పదార్థం కావచ్చని అప్పట్లో ఒక ఊహ ఉండేది. ఆ హార్మోను జన్యువు ఎలుక తొమ్మిదో క్రోమోజోము మీద ఉన్నట్టు తేలింది. ఓబీ ఉన్నది ఆరో క్రోమోజోము మీద. ఊహ అక్కడితో ఆగింది. పదార్థాన్ని వెతకడం మాని, జన్యువునే వెతకాలని 1986లో ఆయన పూనుకున్నాడు. రుడాల్ఫ్ లైబెల్ కూడా ఆ పనిలో కలిశాడు.

ఆ రోజుల్లో జన్యువును వెతకడమంటే భూమిలోని పైపులైనులో లీకు వెతకడం లాంటిదే. మైళ్ల కొద్దీ లైను, పైనుంచి ఏమీ కనిపించదు. అక్కడక్కడా గుర్తులు పెట్టుకుని, లీకు ఈ గుర్తుకు ఇటు ఉందా, అటు ఉందా అని తేల్చుకుంటూ దూరం తగ్గించుకోవాలి. వీళ్లు వెయ్యికి పైగా ఎలుకలను సంకరం చేసి, ఒక్కొక్కదాని డీఎన్‌ఏ చూసి, ఎనిమిదేళ్లలో ఒక చిన్న ముక్క దగ్గరికి చేరారు. అందులో ఆరు జన్యువులు కనిపించాయి. వాటిలో ఒకటి కొవ్వు కణాల్లో మాత్రమే పనిచేస్తోంది.

1994 మే నెలలో ఒక ఆదివారం తెల్లవారుజామున ఫ్రీడ్మన్ ఒంటరిగా ఫిల్ము కడిగి చూశాడు. లేబొరేటరీలో రెండు వేర్వేరు ఓబీ వంశాలున్నాయి. ఒక వంశంలో ఆ జన్యువు సందేశం అసలే లేదు. రెండోదానిలో మామూలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది, కానీ ఆ సందేశం మధ్యలోనే తెగిపోయే తప్పుడు సందేశం. "చాలు" అనే మాట పూర్తికాక, కొవ్వు కణాలు మళ్లీ మళ్లీ అదే అంటున్నాయి. వెతుకుతున్నది దొరికింది. 1994 డిసెంబరు 1న 'నేచర్' పత్రికలో ఆ వ్యాసం వచ్చింది. ఆ జన్యువు తయారుచేసే హార్మోనుకు 'లెప్టిన్' అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో లెప్టోస్ అంటే సన్నన.

1995లో ఓబీ ఎలుకలకు లెప్టిన్ ఎక్కిస్తే రెండు వారాల్లో 30 శాతం బరువు తగ్గాయి. డీబీ ఎలుకల్లో ఏ మార్పూ లేదు. ఆ ఏడాది చివర లెప్టిన్‌ను అందుకునే గ్రాహకాన్ని మరో బృందం కనుగొంది. డీబీలో చెడినది అదేనని తర్వాత తేలింది. కోల్మన్ రెండు దశాబ్దాల కిందట కాగితం మీద రాసిన మాట అక్షరాలా నిజమైంది. కొవ్వు అంటే ఊరికే పేరుకుపోయిన సరుకు కాదని, అదీ హార్మోనును పుట్టించే అవయవమేనని వైద్యలోకం ఒప్పుకుంది. 2010లో కోల్మన్‌కు, ఫ్రీడ్మన్‌కు కలిపి లాస్కర్ పురస్కారం వచ్చింది.

ఆమ్‌జెన్ కంపెనీ 2 కోట్ల డాలర్లు ఇచ్చి హక్కులు తీసుకుంది. ఊబకాయానికి మందు వచ్చేసినట్టేనని అందరూ అనుకున్నారు. అలా జరగలేదు. లావుగా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి లెప్టిన్ లోటు లేదు, పైగా మామూలు కన్నా ఎక్కువే ఉంది. మెదడు దాన్ని సరిగా వినడం లేదు. 1999లో వెలువడిన పరీక్షల్లో కొందరే కాస్త తగ్గారు. సెన్సార్ పెద్దగా అరుస్తున్నచోట ఇంకో సెన్సార్ పెడితే ఏం లాభం?

అయితే నిజంగా సెన్సార్ లేనివాళ్లు ఎక్కడో కొద్దిమంది ఉన్నారు. 1997లో కేంబ్రిడ్జ్‌లోని స్టీఫెన్ ఓ'రాహిలీ, సదాఫ్ ఫరూఖీల బృందం పాకిస్తాన్ మూలాలున్న ఒక కుటుంబంలో ఇద్దరు పిల్లలను గుర్తించింది. ఎనిమిదేళ్ల పాప 86 కిలోలు, రెండేళ్ల బాబు 29 కిలోలు. వాళ్ల తల్లిదండ్రులవి దగ్గరి బంధువుల మధ్య జరిగిన పెళ్లిళ్లు. మేనరికాలు మనకూ కొత్త కాదు కదా, రెండు వైపులా ఒకే లోపం ఎలా కలుస్తుందో వేరే చెప్పక్కర్లేదు. లెప్టిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం జారిపోయింది. ఆ పాపకు అంతకుముందే కొవ్వు తీసే ఆపరేషన్, కాళ్లకు ఆపరేషన్ అయ్యాయి. లెప్టిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టిన ఏడాదిలో ఆమె 16 కిలోలు తగ్గింది. ఆకలి అదుపులోకి వచ్చింది. నిన్నటిదాకా కనిపించిన ప్రతిదానికీ ఆరాటపడిన పిల్ల, మిగతా పిల్లల్లాగే తిని లేచింది.

నన్ను కదిలించింది ఈ చివరి సంగతి. ఆ పిల్ల స్వభావం మారలేదు, కొత్తగా పట్టుదల పుట్టలేదు. ఒంట్లో లేని ఒక ప్రోటీన్‌ను అందించారు, అంతే. అంతవరకూ ఆ తల్లిదండ్రులు ఎవరెవరి నుంచి ఎన్ని మాటలు పడి ఉంటారో!

మా తరగతి మిత్రుడిలో ఈ లోపం ఉందని నేను అనడం లేదు. ఇది అరుదైనది. వాడి లావుకు కారణం నాకు తెలియదు, అప్పుడూ తెలియదు. తెలియకుండానే తీర్పు చెప్పాం. మితంగా తినడం, ఒళ్లు వంచి పనిచేయడం మంచివే, నేనూ ఇప్పుడు పొద్దున్నే నడుస్తున్నాను. కానీ ఆకలి అందరికీ ఒకే కొలతలో ఉండదని, ఆ కొలత పెట్టేది మనం కాదని ఈ చరిత్ర నేర్పింది. ట్యాంకు పొంగితే నీళ్లను తిట్టే ప్లంబర్‌ను నేనెక్కడా చూడలేదు.

స్వర్ణోత్సవానికి వాడు వస్తున్నాడని విన్నాను. ఈసారి పెట్టిన పేరుతో కాక, హాజరు పట్టీలో ఉన్న పేరుతో పిలుస్తాను.