మా ఎర్రగడ్డ పేరు చెప్తే నవ్వెందుకు?

మా ఇల్లు ఎర్రగడ్డలో అనగానే కొత్తవాళ్ల పెదాల మీద ఒక నవ్వు కదులుతుంది. "గేటు లోపలా, బయటా?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. మా వీధిలో కొందరు పెళ్లిచూపులకి వచ్చేవాళ్లకి "ఎస్సార్ నగర్ పక్కన" అని అడ్రస్ చెప్తారు.

ఈ నవ్వు మనకి సినిమాల్లోంచి వచ్చింది. "వీణ్ణి ఎర్రగడ్డకి పంపండ్రా" అన్న డైలాగు మనందరం ఎన్నిసార్లు విన్నామో! ఆ సినిమాల పుట్టిల్లు జూబ్లీహిల్స్, ఫిలింనగర్ మాకు దూరమేం కాదు. అసెంబ్లీ నియోజకవర్గం కూడా మాది జూబ్లీహిల్సే. 2013 ఫిబ్రవరి 7న ఈటీవీలో జబర్దస్త్ మొదలయ్యాక స్కిట్ కామెడీ మన భోజనాల వేళకే వచ్చి కూర్చుంది. తర్వాత మిగతా ఛానళ్లూ అందుకున్నాయి. మా ఇంట్లోనూ ఇలాంటివి చూస్తాం, నవ్వుతాం. కానీ ఏదో షోలో ఒక స్కిట్ చూశాక నాకు అన్నం సహించలేదు. భార్య ఏడుస్తూ ఉంటుంది, ఎందుకో చెప్పదు. భర్త జనం వైపు తిరిగి "ఎర్రగడ్డకి ఫోన్ చేయనా?" అంటాడు. ఒకటే చప్పట్లు.

అసలు ఈ ఆస్పత్రి ఇక్కడ పుట్టింది కాదు. నిజాం కాలంలో మానసిక రోగుల ఆస్పత్రి జాల్నాలో ఉండేది. ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న ఆ ఊరు అప్పుడు హైదరాబాద్ రాజ్యంలోది. 1950ల్లో ఆస్పత్రి ఎర్రగడ్డకి తరలివచ్చింది. అప్పటినుంచీ ఊరి పేరే జబ్బు పేరైపోయింది.

ఇది మా ఒక్కరి గోడే కాదు. విశాఖలో చినవాల్తేరు, మద్రాసులో కీల్పాక్, హిందీవాళ్లకి ఆగ్రా, రాంచీ. లండన్‌లో 1247లో మొదలైన బెత్లెం అనే సంస్థ తర్వాత మానసిక రోగుల ఆస్పత్రి అయింది. జనం నోట్లో ఆ పేరు 'బెడ్‌లాం'గా మారి, ఇంగ్లీషులో గోల, గందరగోళం అనే అర్థంలో స్థిరపడింది. ఒకప్పుడు అక్కడి రోగుల్ని చూడటానికి జనం తిరునాళ్లకి వెళ్లినట్టు వెళ్లేవారట. 1770లో దానికి అడ్డుకట్ట వేశారు. మనమేమో టీవీ ముందు కూర్చుని ఇంకా చూస్తూనే ఉన్నాం.

నవ్వితే ఏం పోతుంది అంటారా? మాకు తెలిసినవాళ్ల కోడలు రెండో కాన్పయ్యాక బిడ్డని దగ్గరికి తీసుకునేది కాదు. నిద్ర లేదు, తిండి లేదు, గోడకేసి చూస్తూ కూర్చునేది. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. డాక్టరుకి చూపిద్దామంటే అత్తగారు "ఎర్రగడ్డకి పోయిందని తెలిస్తే రేపు దాని చెల్లెలికి సంబంధం వస్తుందా?" అన్నారు. ఆస్పత్రి వాళ్లింటికి నడిచి పది నిమిషాలు. అక్కడికి చేరడానికి ఏడు నెలలు పట్టింది. మందులు వాడింది, తేరుకుంది. ఇప్పుడు ఆ పిల్లాణ్ణి తనే స్కూలు బస్సు ఎక్కిస్తోంది. పోయిన ఆ ఏడు నెలలు మాత్రం ఆ తల్లీబిడ్డలకి ఎవరు తెచ్చిస్తారు?

చట్టం మనకంటే ముందు మారింది. 1912లో ఇంగ్లీషువాళ్లు చేసిన చట్టం పేరే 'లూనసీ యాక్ట్', అంటే పిచ్చి చట్టం. 1987లో దాని స్థానంలో వేరే చట్టం చేశారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమైతే వైద్యం పొందడం రోగి హక్కు అంది. మిగతా జబ్బులకి ఇచ్చినట్టే దీనికీ బీమా ఇవ్వాలంది. 2022 అక్టోబర్‌లో టెలీమానస్ మొదలైంది. 14416కి ఫోన్ చేస్తే ఏ వేళైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడొచ్చు.

అక్కలూ, చెల్లెళ్లూ, మీ ఇంట్లో బాలింత ఉంటే జొన్నరొట్టె, కారప్పొడి, కాటుకతో పాటు ఆమె నిద్రపోతోందో లేదో కూడా చూడండి. ఊరికే ఏడుస్తుంటే పక్కన కూర్చుని అడగండి. ఆ నంబరు గ్యాస్ నంబరు పక్కనే రాసి పెట్టుకోండి. ఇక టీవీలో ఎర్రగడ్డ జోకు వస్తే, పక్కనున్న పిల్లలకి అదొక ఆస్పత్రి అనీ, జనం అక్కడికి బాగవడానికి వెళ్తారనీ ఒక్క మాట చెప్పండి.