అణు ఇంధన పునఃశుద్ధి, వ్యర్థాల నిల్వ – కృష్ణా పరీవాహకం

రియాక్టరులో వాడిన ఇంధనం నుంచి ప్లుటోనియాన్ని, మిగిలిన యురేనియాన్ని తిరిగి రాబట్టడమే పునఃశుద్ధి. విజయవాడ పరిసరాల్లో గానీ కృష్ణా డెల్టాలో గానీ అలాంటి కర్మాగారం లేదు. డెల్టాకు జాతీయ అణు ప్రణాళికతో ముడి పడింది ఎగువన, నాగార్జునసాగర్ పక్కన యురేనియం తవ్వాలన్న ప్రతిపాదనతో.

దేశంలో యురేనియం తక్కువ, థోరియం ఎక్కువ. అందుకే అణు శాస్త్రవేత్త హోమీ భాభా 1950ల్లో మూడంచెల పథకం రూపొందించారు. మొదటి అంచెలో పుట్టే ప్లుటోనియంతోనే రెండో అంచె నడవాలి కాబట్టి వాడిన ఇంధనాన్ని పారేసే సరుకుగా చూడలేదు. హోమీ సేత్నా ఆధ్వర్యంలో ట్రాంబేలో కట్టిన ప్లుటోనియం కర్మాగారం 1964లో మొదలైంది. తర్వాత తారాపూర్, కల్పాక్కం కర్మాగారాలు వచ్చాయి. ఇంధనాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్‌తో లోహాలను వేరుచేస్తారు. మిగిలిన తీవ్ర రేడియోధార్మిక ద్రవాన్ని బోరోసిలికేట్ గాజుగా మార్చి, స్టీలు డబ్బాల్లో బిగించి, గాలి ఆడే మాళిగల్లో దశాబ్దాలపాటు చల్లారనిస్తారు. ఆపైన లోతైన రాతిపొరల్లో పూడ్చాలన్నది ఆలోచన. వేడికి రాయి ఎలా మారుతుందో 1980ల్లో కోలార్ బంగారు గనిలో హీటర్లు పెట్టి పరీక్షించారు. శాశ్వత ఖననస్థలం మాత్రం ఇంకా ఏర్పడలేదు.

చర్చంతా ఈ గాజు డబ్బాల చుట్టూనే సాగుతుంది గానీ, పరిమాణంలో అసలు పెద్ద వ్యర్థం గని దగ్గరే కుప్పపడుతుంది. యురేనియం తీశాక మిగిలే బురదలో, అంటే టైలింగ్స్‌లో, ఖనిజపు రేడియోధార్మికత దాదాపు 85 శాతం ఉండిపోతుంది. అందులోని రేడియం–226 సగానికి తగ్గాలంటే 1,600 ఏళ్లు పడుతుంది. 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట నూరేళ్లు దాటగానే ప్రకాశం బ్యారేజీకి చోటిచ్చింది. టైలింగ్స్ చెరువు గట్టు అంతకు ఎన్ని రెట్లు నిలవాలో ఊహించుకోవచ్చు.

నల్గొండ జిల్లా లంబాపూర్–పెద్దగట్టు వద్ద గనులు తవ్వాలని యురేనియం కార్పొరేషన్ ప్రతిపాదించింది. సాగర్ నీరు కుడి, ఎడమ కాల్వల ఆయకట్టుకూ హైదరాబాద్ కుళాయిలకూ వెళ్తుంది. దిగువకు వదిలింది డెల్టాలోని సుమారు 13 లక్షల ఎకరాలకు చేరుతుంది. 2003లో పెద్దగట్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో వ్యతిరేకత పెల్లుబికింది. శుద్ధి కర్మాగారపు ప్రతిపాదిత స్థలాన్ని మల్లాపురం నుంచి శేరిపల్లికి మార్చి 2005లో మళ్లీ సభ పెట్టినా నిరసన ఆగలేదు. ప్రాజెక్టు ముందుకు సాగలేదు.

కడప జిల్లా తుమ్మలపల్లెలో మాత్రం 2012లో మిల్లు నడక మొదలుపెట్టింది. ఇది పెన్నా పరీవాహకం. ఇక్కడి ఖనిజం సున్నపు రాతిలో ఉండటంతో ఆమ్లానికి బదులు క్షారం వాడతారు. బోరు నీళ్లు పాడయ్యాయని టైలింగ్స్ చెరువు చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. సంస్థ ఆ ఆరోపణను తోసిపుచ్చింది. 2019లో నల్లమల అడవుల్లో యురేనియం అన్వేషణపై ఆందోళన రేగడంతో, యురేనియం తవ్వకాల ఆలోచన మానుకోవాలని కేంద్రాన్ని కోరుతూ తెలంగాణ శాసనసభ సెప్టెంబరు 16న తీర్మానించింది. అణుశక్తి కేంద్రం పరిధిలోనిది కనుక ఆ తీర్మానానికున్నది విజ్ఞప్తి బలమే.