గోదావరి దాటిన ఈక

మన దేశంలో ఎక్కువగా కనిపించే అడవికోళ్ళు రెండు రకాలు. ఎర్రది ఇంటి కోళ్ళకు మూలం. బూడిదరంగుది దక్షిణాది పక్షి. తూర్పున ఈ రెంటికీ గోదావరే పొలిమేర అని బ్రిటిష్ కాలపు పక్షి గ్రంథాలు రాశాయి. లెక్క ప్రకారం భద్రాచలం గట్టు ఎర్రదానిది, పాల్వంచ గట్టు బూడిదదానిది. అప్పట్లో మనుషుల హద్దు కూడా అదే. 1860లో నిజాం ఎడమ గట్టును వదులుకున్నాక నదికి అటు దొరల పాలన, ఇటు నిజాం పాలన. కోళ్ళకు ఆ ఒప్పందం సంగతి తెలియదు కాబట్టి ఏ గట్టున పడితే ఆ గట్టున తిరిగేవి.

కథంతా ఆ బూడిద పుంజు మెడ ఈకది. నలుపు, బూడిద కలిసిన సన్నటి ఈక. దాని నడి కాడ వెంట తెల్లటి మచ్చలు, కొన దగ్గర లక్క కరిగించి చుక్క పెట్టినట్టు గట్టిగా, నున్నగా మెరిసే పసుపు మచ్చ. వేలితో రాస్తే ఈకలా ఉండదు, గోరులా తగులుతుంది. నీళ్ళలో తడిసినా ఆ మెరుపు పోదు. చేప కంటికి అది మరో చిన్న చేప కన్నులా కనిపిస్తుందని ఇంగ్లండు గాలగాళ్ళ నమ్మకం. వాళ్ళు 'జంగిల్ కాక్' అని పిలిచే ఈ ఈక లేకుండా సాల్మన్ చేపకోసం ఈకలు కట్టి చేసే విక్టోరియా కాలపు గాలాలు చాలావాటికి అలంకారం పూర్తయ్యేది కాదు. ఆ గాలాల్లో పేరు మోసిన 'జాక్ స్కాట్'కు రెండు పక్కలా ఇదే. ఈకలన్నీ మన అడవినుంచే వెళ్ళాయనను. పడమటి కనుమల్లో ఈ పక్షి ఇంకా ఎక్కువ. 1902లో కర్జన్ ప్రభుత్వం అడవి పక్షుల ఈకల ఎగుమతిని నిషేధించినా దొంగ రవాణా ఆగలేదు.

ఈ దేశపు నదుల్లో గాలం వేయడమెలాగో దొరలకు నేర్పినవాడు మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్. 1873లో ఆయన రాసిన 'ది రాడ్ ఇన్ ఇండియా' మహసీర్ చేపను సాల్మన్‌కు దీటుగా నిలబెట్టింది. మహసీర్ గొంతులోని పళ్ళతో నత్తల్ని, పీతల్ని నలిపేస్తుంది. నాసిరకం గాలమైతే వంచి పారేస్తుంది.

తర్వాతి తరాల గాలగాళ్ళ కన్ను నీటి పైనుంచి అడుగుకు మళ్ళింది. ట్రౌట్ చేప తిండిలో ఎక్కువ భాగం రాళ్ళ సందున పాకే పురుగులేనని తేలింది. వాటిలో పెద్దది స్టోన్‌ఫ్లై పిల్లపురుగు: రెండు తోకలు, ఒక్కో పాదానికి రెండేసి గోళ్ళు. అమెరికా పడమటి నదుల్లోని పెద్ద జాతి రెండంగుళాల దాకా పెరిగి, మూడు నాలుగేళ్ళు నీళ్ళలోనే గడుపుతుంది. గాలం మీద దాని బొమ్మ కట్టడం ఓపికతో కూడిన పని. పొడుగు కాడ గాలానికి ముందు సీసపు తీగ చుట్టాలి, బొమ్మ అడుగుకు దిగాలి కదా. రెండు ముదురు ఈక ముక్కలు తోకలవుతాయి. నల్లటి నూలు ఒళ్ళు, రబ్బరు కాళ్ళు. రెక్కల తొడుగు దగ్గర మన పుంజు మెడ ఈకను పరిచే చేయితిరిగినవాళ్ళూ ఉన్నారు. 1970లలో చార్లెస్ బ్రూక్స్ వీపు, కడుపు తేడా లేకుండా చుట్టూ ఒకేలా కట్టాలన్నాడు. ఎటు పొర్లినా పురుగులాగే కనపడాలన్నది ఆయన ఉద్దేశం. ఎదురు ప్రవాహంలోకి విసిరి, రాళ్ళను తాకుతూ దానంతట అది కొట్టుకొచ్చేలా వదిలి, దారం కాస్త ఆగిందనిపించగానే లాగాలి.

ఈక ఇక్కడినుంచి వెళ్ళింది గానీ ఈ బొమ్మ కట్టే విద్య మన ఊళ్ళకు రాలేదు. వచ్చి ఉంటే ఏం చేసుకునేవాళ్ళు? వానాకాలమంతా గోదావరి ఎర్రమట్టి నీళ్ళే, అందులో ఏ బొమ్మ కనపడుతుంది? నీరు తేటపడే చలికాలంలోనూ వానపాములు ఊరికే దొరుకుతాయి. తొలకరికి పుట్టలోంచి లేచే ఉసుళ్ళు నీటిమీద రాలితే చేపలు తామే పైకి వస్తాయి. కూర కోసం పట్టేవాడు ఒక్కో చేపతో అరగంట కుస్తీ పట్టడు, వల విసురుతాడు. వేసవిలో మడుగు చిన్నదైతే ఇప్పచెక్క కలపడమూ అడవి ఊళ్ళకు తెలిసిన పద్ధతే. అందులోని సపోనిన్ చేప మొప్పల్లోంచి నెత్తురులోకి చేరి ఎర్రకణాలను విరిచేస్తుంది. చేప ఊపిరాడక తేలుతుంది, దాన్ని తిన్న మనిషికి ఏమీ కాదు.

నదిలో విషం కలపడం, సన్నకన్నుల వలలతో పిల్లచేపల్ని ఊడ్చేయడం మీద థామస్ తెగ మండిపడ్డాడు. 1897 నాటి చేపల చట్టం విషాన్ని, మందుగుండును నేరం చేసింది. రెండు నెలల దాకా జైలో, రెండు వందల రూపాయల దాకా జరిమానానో. మందుగుండు సంగతిలో నాకు అభ్యంతరం లేదు. కానీ సరదాకు పట్టేవాడి రూళ్ళు, ఆ పూట కూరకు పట్టేవాడికి శిక్షగా మారడం మాత్రం ఆ చట్టంలో దాగలేదు.

ఆ మెడ ఈకకు ఇవాళ అడవితో పని లేదు. బ్రిటన్‌లో పెంపకపు కోళ్ళవే అమ్ముతున్నారు. స్టోన్‌ఫ్లై చుట్టాలు దక్షిణాది కొండవాగుల్లోనూ ఉన్నాయి, అమెరికా వాటంత పెద్దవి కావు. వాటికి కావలసింది రాళ్ళ మీద పరుగెత్తే నీరు. గోదావరి మీది పోలవరం జలాశయం పూర్తి మట్టం 150 అడుగులకు నిండితే కూనవరం దగ్గర శబరి నది నిలవనీరవుతుంది, రాళ్ళ మీద ఒండ్రు పేరుతుంది. అప్పుడు అక్కడ ఎక్కువగా పడేది బొచ్చె, రాగండి. వాటికి పురుగు బొమ్మకంటే పిండి ముద్దే మేలు.